చేతులు వణికినా మాట్లాడొచ్చు

ఈమధ్య మన హాస్టల్‌లో ఎవరి ఫోన్ చూసినా ఒకటే టైపు రీల్స్ కనిపిస్తున్నాయి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, గడ్డం ఉన్న పాలరాతి విగ్రహం, వెనక గంభీరమైన మ్యూజిక్, స్టోయిక్‌లా ఉండు, ఏదీ ఫీల్ అవ్వకు అని ఒక బరువైన గొంతు. సెమినార్ అంటే భయపడే వాళ్లకి కూడా మనవాళ్లు ఇప్పుడు ఇదే సలహా ఇస్తున్నారు. "లైట్ తీస్కో మామా, స్టోయిక్‌గా ఉండు" అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టోయిక్ తత్వం స్టేజి భయానికి నిజంగానే పనికొస్తుంది. కానీ ఆ రీల్స్ చెప్పే పద్ధతిలో కాదు. అసలు స్టోయిక్కులు రాసింది చదివితే వాళ్లు చెప్పింది దాదాపు దీనికి ఉల్టా అని తెలుస్తుంది. ఇంకో మాట కూడా ఉంది. ఆ తత్వం మైక్ పట్టుకున్న వాళ్లకే కాదు, కింద కూర్చుని వినే మనందరికీ కూడా కొంత పని చెబుతుంది. ఆ రెండో భాగం గురించి ఎవరూ రీల్ చెయ్యరు.

ఇది చిన్న విషయం అని అనుకోవద్దు. మొదటి సంవత్సరం నుంచి సెమినార్లు, ల్యాబ్ వైవాలు, ఆ తర్వాత మినీ ప్రాజెక్ట్ రివ్యూలు, చివరికి ప్లేస్‌మెంట్ టైమ్‌లో జామ్, జీడీ, హెచ్‌ఆర్ రౌండ్. నాలుగేళ్లలో నోరు తెరవాల్సిన సందర్భాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. మన బ్యాచ్‌లోనే కోడ్ అద్భుతంగా రాసి, రివ్యూ రోజు మాత్రం టీమ్‌మేట్ వెనక నిలబడిపోయే వాళ్లని మీరూ చూసుంటారు. ప్రాజెక్ట్ వాళ్లది, చెప్పేది ఇంకొకరు, మార్కులు చెప్పిన వాళ్లకి. క్లాస్‌లో డౌట్ వచ్చినా లేవకుండా సెమిస్టర్ అంతా గడిపేసే వాళ్లూ ఉన్నారు. ఆ భయం ఖరీదు వాళ్లు రోజూ కడుతూనే ఉన్నారు.

రెండు మాటలు

మన భాషలో ఈ భయానికి రెండు మాటలున్నాయని క్లబ్‌కి వచ్చాకే తెలిసింది. ఒకటి సభాకంపం, రెండోది సభాపిరికితనం. ఇంగ్లిష్‌లో రెండింటికీ కలిపి ఒకటే వాడేస్తాం కాబట్టి నేనెప్పుడూ తేడా ఆలోచించలేదు. కంపం అంటే వణుకు. అది ఒంటికి సంబంధించింది. పిరికితనం అంటే గుణానికి సంబంధించింది. చేతులు వణకడం ఒక సంగతి, వణుకుతున్నాయి కాబట్టి నేను పిరికివాడిని అని తేల్చేసుకోవడం ఇంకో సంగతి.

స్టోయిక్కుల పుస్తకాలు చదువుతున్నప్పుడు నాకు ఈ రెండు మాటలే మళ్లీ మళ్లీ గుర్తొచ్చాయి. వాళ్లు చెప్పిందంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ముందు వాళ్లెవరో క్లుప్తంగా. క్రీ.పూ. 300 ప్రాంతంలో సైప్రస్ నుంచి వచ్చిన జీనో అనే ఆయన ఏథెన్స్‌లో బొమ్మలు గీసిన ఒక వసారాలో పాఠాలు చెప్పేవాడు. గ్రీకులో ఆ వసారాని స్టోవా అంటారు. ఆ పేరు మీదే స్టోయిక్ అన్న మాట వచ్చింది. అది ఊరి మధ్యలో, జనం వచ్చీపోయే చోటు. అంటే ఈ తత్వం పుట్టిందే నలుగురి మధ్య. తర్వాత రోమ్‌లో దీన్ని ముగ్గురు బాగా ప్రసిద్ధం చేశారు. సెనెకా పెద్ద రచయిత, వక్త, రాజకీయాల్లో ఉన్నవాడు. ఎపిక్టెటస్ బానిసగా బతికి, తర్వాత విడుదలై, గురువు అయినవాడు. మార్కస్ ఆరీలియస్ క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమన్ చక్రవర్తి. ఒకప్పటి బానిస చెప్పిన పాఠాలని చక్రవర్తి చదువుకున్నాడు.

ఎపిక్టెటస్ తన చేత్తో పుస్తకం రాయలేదు. ఆయన పాఠాలని ఆరియన్ అనే శిష్యుడు రాసి పెట్టాడు. అందులో నాలుగు భాగాలు మనదాకా వచ్చాయి. దాంతోపాటు ఆ పాఠాల సారం ఒక చిన్న చేతి పుస్తకంగా దొరుకుతుంది. అంటే రెండు వేల ఏళ్లుగా ప్రపంచం చదువుతున్నది ఒక స్టూడెంట్ రాసుకున్న క్లాస్ నోట్స్. ఎగ్జామ్ ముందు రోజు టాపర్ నోట్స్ జిరాక్స్ తీసుకునే మనకి ఇది బాగా అర్థమవుతుంది.

పాటగాడు ఎందుకు వణుకుతాడు

ఆ నోట్స్ రెండో భాగంలో ఆందోళన గురించి ఒక పాఠం ఉంది. అందులో ఎపిక్టెటస్ చెప్పిన ఉదాహరణ మన సెమినార్ హాల్‌కి అచ్చంగా సరిపోతుంది. తంత్రీ వాద్యం వాయిస్తూ పాడేవాడు ఒకడు ఉన్నాడు. ఒంటరిగా పాడుకునేటప్పుడు వాడికి ఏ భయమూ లేదు. అదే మనిషి నాటకశాలలోకి అడుగుపెట్టగానే వణుకుతాడు, గొంతు ఎంత బాగున్నా, వాయిద్యం ఎంత బాగా వచ్చినా సరే. ఎందుకు? వాడికి బాగా పాడటం ఒక్కటే సరిపోదు, చప్పట్లు కూడా కావాలి. బాగా పాడటం వాడి చేతిలో ఉంది. చప్పట్లు వాడి చేతిలో లేవు. తన చేతిలో లేనిదాన్ని కోరుకున్నాడు కాబట్టి ఆందోళన.

అదే పాఠంలో జీనో ప్రస్తావన కూడా వస్తుంది. మాసిడోనియా రాజు అంటిగోనస్‌ని కలవాల్సి వచ్చినప్పుడు జీనోకి ఏ కంగారూ లేదట. కంగారు పడింది రాజే. ఎందుకంటే జీనోని మెప్పించాలని రాజు కోరుకున్నాడు, రాజుని మెప్పించాలని జీనో కోరుకోలేదు. అధికారం, సైన్యం, డబ్బు అన్నీ ఉన్నవాడు కూడా ఎవరి మెప్పు కావాలనుకుంటాడో వాళ్ల ముందు వణుకుతాడు.

ఇది చదివాక నాకు నా సంగతే ఒకటి అర్థమైంది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. మా స్కూల్లో తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు. ఇంగ్లిష్‌లో సెమినార్ ఇవ్వమంటే ఏదో ఒకటి మేనేజ్ చేస్తాను. కానీ మన క్లబ్ మీటింగ్‌లో తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడమంటే నోరు పెగలదు. ళ పలకాల్సిన చోట ల వస్తుందేమో, ఒత్తు తప్పుతుందేమో, సీనియర్లు నవ్వుకుంటారేమో అని. నా పక్క బెంచీలో కూర్చునే ఫ్రెండ్ పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లబ్‌లో వాడు పద్యం అందుకుంటే హాలంతా సైలెంట్ అయిపోతుంది. అదే వాడు డీబీఎంఎస్ సెమినార్‌లో ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు చెప్పేలోపు షర్టు తడిసిపోతుంది.

ఇద్దరికీ ఒకటే కాలేజీ, ఒకటే మైక్, దాదాపు అవే మొహాలు. భయం నిజంగా స్టేజిలో ఉంటే రెండు చోట్లా ఇద్దరికీ రావాలి. మైక్‌లో ఉన్నా అంతే. వాడు వణికిన చోట నేను మామూలుగా ఉన్నాను, నేను వణికిన చోట వాడు రాజులా నిలబడ్డాడు. తేడా ఎక్కడుంది? ఇంగ్లిష్ తప్పు పోతే తన విలువే పోతుందని వాడు నమ్మాడు. తెలుగు తప్పు పోతే నా విలువ పోతుందని నేను నమ్మాను. మనల్ని కలవరపెట్టేది జరిగే విషయం కాదు, దాని గురించి మనం వేసుకున్న లెక్క అని ఎపిక్టెటస్ అన్నదానికి నాకు ఇంతకన్నా మంచి రుజువు దొరకలేదు.

వణుకు ఇంటరప్ట్ లాంటిది

ఇప్పుడు రీల్స్ దగ్గరికి వద్దాం. ఏదీ ఫీల్ అవ్వకు అని స్టోయిక్కులు చెప్పారా? సెనెకా తన మిత్రుడు లుసీలియస్‌కి రాసిన ఉత్తరాల్లో పదకొండోది సరిగ్గా దీని గురించే. ఎంతో నిబ్బరం ఉన్నవాళ్లకి కూడా జనం ముందు నిలబడగానే చెమట పడుతుంది, కొందరికి మోకాళ్లు వణుకుతాయి, పళ్లు కొట్టుకుంటాయి అని రాస్తాడు. దీన్ని శిక్షణ పూర్తిగా పోగొట్టలేదు, అనుభవమూ పోగొట్టలేదు, ఎంత జ్ఞానం వచ్చినా ఒంటి స్వభావం దాని పని అది చేసుకుపోతుంది అంటాడు. ఉదాహరణకి పాంపే పేరు చెబుతాడు. యుద్ధాలు గెలిచిన రోమన్ సేనాధిపతి, కానీ సభ ముందుకి వస్తే మొహం ఎర్రబడిపోయేదట.

సిసిరో క్రీ.పూ. 55లో వక్తృత్వం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో క్రాసస్ అనే పేరుమోసిన వక్త, ప్రసంగం మొదలుపెట్టేటప్పుడు తన మొహం పాలిపోతుందని, ఒళ్లంతా వణుకుతుందని చెప్పుకుంటాడు. సిసిరో పూర్తి స్టోయిక్ కాదు గానీ, విషయం అర్థమైంది కదా. ఆ కాలంలో అందరికన్నా బాగా మాట్లాడతారని పేరున్న వాళ్ల పరిస్థితే ఇది.

ఇంకో కథ నాకు బాగా నచ్చింది. రెండో శతాబ్దపు రచయిత ఆలస్ జెల్లియస్ ఒకసారి ఓడలో ప్రయాణిస్తుంటే పెద్ద తుఫాను వచ్చింది. అదే ఓడలో ఏథెన్స్‌లో పేరున్న ఒక స్టోయిక్ గురువు ఉన్నాడు. ఆయన ఎలా ఉన్నాడా అని జెల్లియస్ చూస్తే, ఏడుపూ కేకలూ లేవు గానీ మొహం మాత్రం అందరిలాగే పాలిపోయి ఉంది. తుఫాను తగ్గాక ఒక ధనవంతుడు వచ్చి, నువ్వు తత్వవేత్తవి కదా, నీకు భయమేంటి అని ఎగతాళి చేశాడు. తర్వాత జెల్లియస్ మర్యాదగా అడిగినప్పుడు ఆ గురువు సంచీలోంచి ఎపిక్టెటస్ పాఠాల పుస్తకం తీసి చూపించాడు. అందులో ఉన్నది ఇది. పెద్ద శబ్దం వచ్చినా, ప్రమాదం ఎదురైనా జ్ఞాని మనసు కూడా ఒక్క క్షణం కదులుతుంది, మొహం పాలిపోతుంది. తేడా ఆ తర్వాతే. అయ్యో అంతా అయిపోయింది అన్న ఆలోచనకి మామూలు మనిషి సరే అంటాడు. జ్ఞాని అనడు.

సీఎస్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది ఓఎస్ సబ్జెక్ట్‌లో ఇంటరప్ట్ లాంటిది. ఇంటరప్ట్ హార్డ్‌వేర్ నుంచి వస్తుంది. అది ఎప్పుడు రావాలో ప్రోగ్రామ్ నిర్ణయించదు. కానీ అది వచ్చాక ఏం చెయ్యాలో చెప్పే హ్యాండ్లర్ మాత్రం మనం రాసుకున్న కోడ్. గుండె దడదడలాడటం, గొంతు తడారిపోవడం ఇంటరప్ట్. దాన్ని చూసి "నా వల్ల కాదు, పరువు పోయింది" అని స్టేజి దిగిపోవడం ఒక హ్యాండ్లర్. "సరే, దడ వచ్చింది, నీళ్లు తాగి రెండో స్లైడ్‌కి వెళ్తాను" అనుకోవడం ఇంకో హ్యాండ్లర్. స్టోయిక్కులు ఈ రెండో దశని సమ్మతి అన్నారు. మనసులోకి వచ్చిన ప్రతి ముద్రకీ వెంటనే సంతకం పెట్టెయ్యకు, కాస్త ఆగి చూడు అని.

అందుకే ఏదీ ఫీల్ అవ్వకు అనే సలహా పనికిరానిదే కాదు, నష్టం చేసేది కూడా. ఆ సలహా నమ్మినవాడికి వణుకు రాగానే రెండు భయాలు మొదలవుతాయి. ఒకటి మామూలు భయం. రెండోది, నాకు ఇంకా భయమేస్తోంది అంటే నేను ఫెయిల్ అయ్యాను అన్న భయం. కంపాన్ని తీసుకెళ్లి పిరికితనం ఖాతాలో వేసేసుకుంటాడు.

ల్యాబ్‌లో తేలింది కూడా అదే

ఇవన్నీ పాతకాలం మాటలు, ప్రూఫ్ ఏది అని అడిగేవాళ్లు మన బ్రాంచ్‌లో చాలామంది. మంచి ప్రశ్నే.

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 2000లో వచ్చింది. ఒక స్టూడెంట్‌కి బ్యారీ మనిలో అనే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేశారు. అది వేసుకోవడం కుర్రాళ్లకి సిగ్గుగా అనిపించే టీషర్టు. అలా మిగతా స్టూడెంట్లు కూర్చున్న గదిలోకి పంపి, ఎంతమంది గమనించి ఉంటారు అని అడిగితే, సుమారు సగం మంది అని చెప్పారు. నిజానికి గమనించింది సుమారు నాలుగో వంతు. మన మీద ఎంత వెలుగు పడుతోందని మనం అనుకుంటామో, అందులో సగమే నిజంగా పడుతోందన్నమాట.

2003లో కెన్నెత్ సావిట్‌స్కీ, గిలోవిచ్ కలిసి చేసినది ఇంకా సూటిగా మన విషయమే. ప్రసంగం చేసేవాళ్లు తమ కంగారు అందరికీ కనిపించిపోతోందని అనుకుంటారు, వినేవాళ్లకి మాత్రం అంత కనిపించదు. అంతటితో ఆగలేదు. ఈ సంగతి కొందరికి ప్రసంగానికి ముందే వివరించి చెప్పారు. అలా తెలుసుకున్నవాళ్లు మిగతావాళ్ల కన్నా బాగా మాట్లాడారు. తమకీ అలాగే అనిపించింది, వినేవాళ్లకీ అలాగే అనిపించింది. మందూ లేదు, ట్రైనింగూ లేదు. ఒక తప్పు లెక్క సరిదిద్దారంతే.

ఎపిక్టెటస్ నుంచి ఈ కాలపు సైకాలజీకి నేరుగా ఒక దారి కూడా ఉంది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1950లలో తన చికిత్సా పద్ధతి తయారు చేసినప్పుడు ఎపిక్టెటస్ పేరు ఓపెన్‌గా చెప్పుకున్నాడు. ఆయనకి కుర్రతనంలో నలుగురిలో మాట్లాడాలంటే చచ్చేంత భయం. సరిగ్గా మన వయసులో, 19 ఏళ్లకి, కావాలనే మళ్లీ మళ్లీ జనం ముందు మాట్లాడి ఆ భయాన్ని తగ్గించుకున్నాడు. ఆలోచన సరిచేసుకోవడం, భయపడే పనినే పదేపదే చెయ్యడం, రెండూ కలిస్తేనే పని జరిగింది. రూమ్‌లో కూర్చుని ఫిలాసఫీ చదివితే భయం పోదు. చదువు ఒక్కటే చాలదు, సాధన కావాలి అని ఎపిక్టెటస్ కూడా తన శిష్యుల్ని తిడుతూనే ఉంటాడు.

సెమినార్ ముందు రోజు

మరి ఏం చెయ్యాలి? నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. ఒక పేపర్ తీసుకుని మధ్యలో గీత గీస్తాను. ఎడమ పక్క నా చేతిలో ఉన్నవి. విషయం అర్థం చేసుకోవడం, మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చేలా చూసుకోవడం, స్లైడ్ మీద చదవలేనంత టెక్స్ట్ పెట్టకపోవడం, గడియారం పెట్టుకుని గట్టిగా రెండుసార్లు చెప్పి చూసుకోవడం, తెలియని ప్రశ్న వస్తే "తెలియదు మేడమ్, చూసి చెప్తాను" అనడం. కుడి పక్క నా చేతిలో లేనివి. ప్రొజెక్టర్, కరెంటు, సార్ మూడ్, వెనక బెంచీ, చప్పట్లు, మార్కులు. టైమ్ అంతా ఎడమ పక్కకే.

చాలామంది ఇక్కడ అడుగుతారు. మార్కులు పట్టించుకోకపోతే ఎలా, ప్లేస్‌మెంట్ రావాలి కదా అని. దీనికి స్టోయిక్కులు వాడిన విలుకాడి పోలికని సిసిరో రాశాడు. విలుకాడు గురి చూడాలి, బాణం సరిగ్గా వదలాలి, తాను చెయ్యగలిగిందంతా చెయ్యాలి. తగలాలనే కొడతాడు. కానీ వదిలాక గాలి వీస్తే అది అతని లోపం కాదు. అంటే లక్ష్యం వదిలెయ్యమని కాదు, మంచి మార్కుల కోసమే ప్రిపేర్ అవుతాం. మార్కుని చూసి మన విలువ లెక్క కట్టుకోవడం మాత్రం మానేస్తాం. గీతలో ఉన్నదీ ఇదే కదా అని మా అమ్మమ్మ అంటుంది. పోలిక ఉంది. దారులు మాత్రం వేరు. గీత కర్మని దేవుడికి అర్పించమంటుంది, స్టోయిక్కులు ప్రకృతినీ మనిషి వివేకాన్నీ ఆధారం చేసుకుంటారు. ఎవరికి ఏది దగ్గరగా అనిపిస్తే అది పట్టుకోవచ్చు.

రెండో పద్ధతి, జరగబోయే చికాకుల్ని ముందే ఊహించుకోవడం. ఎపిక్టెటస్ చెప్పిన ఉదాహరణ స్నానశాల. అక్కడికి వెళ్లే ముందే, నీళ్లు చల్లేవాళ్లు ఉంటారు, తోసేవాళ్లు ఉంటారు, తిట్టేవాళ్లు, దొంగలు కూడా ఉంటారు అని గుర్తు చేసుకుని వెళ్లు అంటాడు. మన వెర్షన్‌లో, హెచ్‌డీఎంఐ కేబుల్ మొదటిసారి కనెక్ట్ కాదు. ఎవరిదో ఫోన్ మోగుతుంది. సార్ మధ్యలో ఆపి మూడు స్లైడ్లు వెనక్కి వెళ్లమంటారు. ఎవరో ఆవలిస్తారు. ఇవన్నీ వస్తాయనే అనుకుని వెళ్తే, వచ్చినప్పుడు అవి ప్రోగ్రామ్‌లో భాగంలాగే ఉంటాయి.

ఈ విషయంలో మనకి రోమ్ దాకా వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. అష్టావధానం చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అందులో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే అడ్డు తగలడం. అవధాని కష్టమైన పద్యం మధ్యలో ఉండగా సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని చిరాకు పడకుండా దానికి చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన చోట నుంచి పద్యం మళ్లీ అందుకోవాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ కళకి అంత పేరు తెచ్చారు. అంతరాయాన్ని కళలోనే ఒక అంశంగా పెట్టుకున్న వాళ్లం మనం. మన సెమినార్‌లో వెనక బెంచీ కూడా ఒక అప్రస్తుత ప్రసంగి అనుకుంటే కొంచెం తేలికగా ఉంటుంది. కాకపోతే అవధానంలో ఆయన అవధాని మీద గౌరవంతో ఆ పని చేస్తాడు. మన వెనక బెంచీ సంగతి వేరు.

వినేవాళ్ల సంగతి

అసలు నేను ఈ వ్యాసం రాసిందే ఈ చివరి మాట కోసం.

ఎవరైనా ఒక అమ్మాయి ఇంగ్లిష్‌లో క్రియాపదం తప్పు చెబుతుంది. వెనక నుంచి ఎవరో దాన్ని అదే యాసలో రిపీట్ చేస్తారు. క్లాస్ నవ్వుతుంది. ఆ అమ్మాయి ఆ సెమిస్టర్‌లో మళ్లీ లేవదు. ఇలాంటిది నేను ఈ రెండేళ్లలో చాలాసార్లు చూశాను. అప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, నవ్వు నీ చేతిలో లేదు, స్టోయిక్‌గా ఉండు అని చెబితే అది తత్వం కాదు, తప్పించుకోవడం. నవ్వు ఆ అమ్మాయి చేతిలో లేని మాట నిజమే. కానీ నవ్వేవాడి చేతిలో పూర్తిగా ఉంది కదా!

నా చేతిలో ఉన్నవి, లేనివి అనే లెక్క మాట్లాడేవాళ్లు మాత్రమే వేసుకునేది కాదు. కుర్చీలో కూర్చున్నవాడు కూడా వేసుకోవాలి. ఎవరెలా మాట్లాడతారో నా చేతిలో లేదు. ఎలా వినాలో ఉంది. స్టోయిక్కులు చెప్పిన నాలుగు ముఖ్య గుణాల్లో వివేకం, ధైర్యం, నిగ్రహంతో పాటు న్యాయం కూడా ఒకటి. తోటి మనిషి పట్ల సరిగ్గా ఉండటం అన్నమాట. మార్కస్ ఆరీలియస్ తన కోసం రాసుకున్న పుస్తకంలో, మనుషులం ఒకరికొకరు సాయపడటానికే పుట్టామని మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటాడు. రీల్స్‌లో ధైర్యం ఉంటుంది, నిగ్రహం ఉంటుంది. న్యాయం ఎక్కడా కనిపించదు. అందుకే అవి సగం స్టోయిక్కే.

దీనికి కొందరు ఒక వాదన చెబుతారు. బయట ప్రపంచం ఇంకా కఠినంగా ఉంటుంది, ఇక్కడే అలవాటైతే మంచిది, నవ్వులు తట్టుకుంటేనే గట్టిపడతారు అని. సగం ఒప్పుకుంటాను. భయపడే పనిని పదేపదే చేస్తేనే భయం తగ్గుతుందని నేనే పైన రాశాను. కానీ పదేపదే చెయ్యాలంటే రెండోసారి లేవాలి. మొదటిసారికే నోరు మూయించేస్తే అలవాటు అయ్యేది మాట్లాడటం కాదు, మాట్లాడకపోవడం. ఈత నేర్పేటప్పుడు కూడా ఎవరూ పిల్లల్ని వరదలోకి తొయ్యరు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన క్లాసుల్లో నవ్వు అందరి మీదా సమానంగా పడదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల మీద, పల్లె యాస ఉన్నవాళ్ల మీద ఎక్కువ పడుతుంది. ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చిన నాలాంటి వాడు నిబ్బరం గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. ఒకే బరువు మోస్తున్నట్టు అందరికీ ఒకే సలహా ఇవ్వకూడదు.

అలాగే, కొందరికి ఇది మామూలు కంగారు కాదు. మాట్లాడాల్సి వస్తుందని వారం ముందు నుంచే నిద్ర పట్టక, అన్నం సహించక, కాలేజీ ఎగ్గొట్టే దాకా వెళ్తే అక్కడ పుస్తకం ఒక్కటే చాలదు. కౌన్సెలర్‌తోనో డాక్టర్‌తోనో మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. జ్వరం వస్తే డోలో వేసుకుంటాం, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఇదీ అంతే.

చివరగా మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. వారానికి ఒక సాయంత్రం, ఏదైనా ఖాళీ క్లాస్‌రూమ్‌లో, ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు మాట్లాడేలా పెడదాం. తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ, హిందీ, రెండూ కలిపిన మన మామూలు భాష, ఏదైనా సరే. టాపిక్ వాళ్లిష్టం. మార్కులు వద్దు, ప్రైజులు వద్దు, సర్టిఫికెట్ అసలే వద్దు. వినేవాళ్లకి మాత్రం రెండు రూల్స్. ఫోన్ బ్యాగ్‌లో ఉండాలి. మాట్లాడటం అయ్యాక ఒకరు "నాకు ఇది అర్థమైంది" అని చెప్పాలి, ఇంకొకరు నిజంగా తెలుసుకోవాలని ఒక ప్రశ్న అడగాలి. ఉచ్చారణ గురించి, గ్రామర్ గురించి ఎవరూ మాట్లాడకూడదు, అడిగితే తప్ప.

మొదటి వారం తెలుగులో మాట్లాడటానికి నా పేరు రాసుకోండి. ళ దగ్గర ల వస్తుంది, చేతులు వణుకుతాయి. అవి రెండూ నా చేతిలో లేవు. రావడం మాత్రం ఉంది.